కుడి పక్కన పెట్టిన గిటారు

"నీ గిటారు నా గిటారు మీద పడిపోతంది. నాను సెప్తంది అదే," అన్నాడు పాట పాడేవాడు.

"మీద పడ్డానికి నాను గోడనేటి బావా? నీ పక్కన వాయిత్తన్నాను," అన్నాడు రెండో గిటారు అతను.

"పక్కన కాదు, మీదే. సరణం కాడ ఇను. నాను వాయించింది ఒక్క ముక్క ఇనపడతాదేమో సూడు."

"నాది మాత్రం ఇనపడతందేటి? నానెప్పుడైనా నిన్ను మూలకి పొమ్మన్నానా?"

"నువ్వెలగంతావ్? బ్యాండు ఎట్టింది నాను. నా గొంతూ నా గిటారూ నడిమన ఉండాల. నీది ఓ మూలకి ఉంటాది, సన్నగా."

"అంత సన్నగా అయితే నానెందుకు? ఓ దోమని తెచ్చి ఎట్టుకో."

డ్రమ్ములు వాయించే అతను కింద చాప మీద కూర్చుని మిక్చరు తింటున్నాడు. "మామ్మా, ఈళ్ళిద్దర్నీ బయటకి తోలీండి. నానూ బేసు బావా కలిసి పాట తేల్చీత్తాం," అన్నాడు. బేసు గిటారు అతను ఎప్పుడూ ఏమీ అనడు.

నేను స్టీలు గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను. "తగువాడుకోడానికైతే కిందకి పోండి, టీ కొట్టు కాడ బల్ల ఉంది. ఇక్కడ ఏసీ నడస్తంది," అన్నాను.

నలుగురూ నోరు మూశారు. ఆ గదిలో ఏసీ మీద మాట వస్తే ఎవరైనా నోరు మూసేవారు.

గాజువాకలో సైకిలు షాపు పైన ఉండేది ఆ గది. గోడలకు పాత బొంతలు, గోనెసంచులు కొట్టించాను. చప్పుడు తిరిగి కొట్టకుండా అంటించే నురుగు అట్టలు అమ్ముతారని తెలుసు. వాటి ధర కూడా తెలుసు, అందుకే బొంతలు. ఆ గదిలో ఎన్నో ఏళ్ళు పాటలు కలిపాను. కలపడమంటే, గొంతు విడిగా, డోలక్ విడిగా, ఫ్లూటు విడిగా రికార్డు చేసినవన్నీ ఒక్కచోట చేర్చి, ఏది ఎంత వినపడాలో, ఎటు నుంచి వినపడాలో చూసి ఒక్క పాటగా చేయడం. మూడేళ్ళ కిందట ఆ పని మానేశాను. ఇప్పుడు ఫోనులోనే పాటలు కలుపుకుంటున్న పిల్లలు నన్ను వెతుక్కుని వచ్చి, మీ కాలంలో ఎలా చేసేవారు మామ్మా అని అడుగుతారు. బాగా చేసినవి చెప్పడం సులువు. ఇది పాడుచేసినదాని గురించి.

నేను చదివింది మూడో తరగతి. మా ఊరు ఎలమంచిలి దగ్గర. పెళ్ళయ్యాక గాజువాక వచ్చాను. మా ఆయనకు మైకుసెట్టు షాపు ఉండేది. ఆయన పోయేనాటికి మా పెద్దవాడు ఐదో తరగతి, రెండోవాడు రెండో తరగతి. షాపు అమ్మెయ్యమన్నారు అందరూ. అమ్మితే వచ్చింది ఏడాది తింటాం, తర్వాత ఏం తింటామని లెక్క వేసుకుని నేనే కూర్చున్నాను. పెళ్ళిళ్ళకు, సింహాచలం కొండ కింద ఉత్సవాలకు, ఓట్ల మీటింగులకు హారన్లు కట్టించాను. పనివాళ్ళు నలుగురుండేవారు. వాళ్ళకు నేను పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. టేపురికార్డరు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే తీగెలో రెండు వైర్లుంటాయి, ఎడమ పక్క చప్పుడుకొకటి, కుడి పక్క చప్పుడుకొకటి. నా షాపులో ఎడమ వైరు మాత్రమే కలపాలి, రెండోది కత్తిరించి దాచాలి. దాచినదాన్ని ఇంకోచోట వాడుకోవచ్చు. ఎలాగూ పదహారు హారన్లూ ఒకే పాట అరుస్తాయి, రెండు వైర్లు దండగ. ఆ పద్ధతికి అప్పట్లో నాకు నేనే మెచ్చుకున్నాను.

తర్వాత ఎవరో కేసెట్ల షాపు మూసేస్తూ రికార్డింగు బోర్డు చవగ్గా ఇస్తే కొన్నాను. దాని నిండా ఇంగ్లీషు అక్షరాలు. చదవలేను కాబట్టి నా బొట్టుబిళ్ళలే అంటించాను. ఎర్రది గొంతు, ఆకుపచ్చది తబలా, నల్లది ఏదైనా బొయ్యిమని మోగేది. తర్వాత కంప్యూటరు వచ్చింది. తెర మీద కూడా అదే బోర్డు బొమ్మ, అవే వరసలు. చోటు చూసి గుర్తుపెట్టుకున్నాను. భక్తి పాటలు, జానపదాలు, పెళ్ళివారి పాటలు, అన్నీ ఈ చేతుల మీదుగా వెళ్ళాయి.

ఆ పాటలన్నీ నడిమన పెట్టేదాన్ని. ప్రతి వాద్యానికీ ఒక చిన్న నాబు ఉంటుంది, దాన్ని పాన్ అంటారు. ఎడమకు తిప్పితే ఆ చప్పుడు ఎడమ చెవిలోకి, కుడికి తిప్పితే కుడి చెవిలోకి పోతుంది. తిప్పకపోతే తలకాయ మధ్యలో ఉంటుంది. దేవుడి పాటకు తిప్పుళ్ళెందుకు? గుళ్ళో హారను ఒక్కటే ఉంటుంది. అలా అలవాటైపోయి, ఆ నాబుల మీద దుమ్ము తుడవడం తప్ప వాటితో నాకు పని ఉండేది కాదు.

అలాంటి నా దగ్గరకు రాక్ బ్యాండువాళ్ళు ఎందుకొచ్చారంటే, పక్కా స్టూడియోలు గంటకు అడిగేది నేను పూటకు తీసుకుంటాను కాబట్టి. పాట పాడే అతను గిటారూ వాయిస్తాడు, పగలు కాలేజీ పిల్లలకు ట్యూషన్లు చెప్తాడు. డ్రమ్ముల అతను స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనిచేస్తాడు. బేసు అతనికి ఆటోనగర్‌లో లేతు పని. రెండో గిటారు అతను చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దించుతాడు, వేటకు వెళ్ళే ఇంటి మనిషి. ఇరవై ఏడేళ్ళుంటాయి. నలుగురిలో శుభ్రంగా తల దువ్వుకుని వచ్చేది ఇతనొక్కడే.

బీచి రోడ్డు మీద కొత్త హోటలు ఒకటి తెరుస్తున్నారు. శని, ఆదివారాలు అక్కడ వాయించడానికి ఒక బ్యాండును ఏడాదికి మాట్లాడుకుంటామని చెప్పారు. పాట రికార్డు చేసి తెస్తే ఆదివారం నాడు వాళ్ళ హాల్లో అందరివీ వినిపించి, అక్కడే చెప్పేస్తారు. మిగతా ముగ్గురికీ అది పేరు, సరదా. రెండో గిటారు అతని సంగతి వేరు. అతని అన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. ఇక్కడి నుంచి గుంపులుగా వెళ్తారు, ఏడాదిలో పది నెలలు సముద్రమే. ఈసారి తమ్ముడికి కూడా బోటు మీద చోటు మాట్లాడి పెట్టాడు. సోమవారం పొద్దున్న రైలు. వాళ్ళమ్మ ఒక్క మాట మీద ఒప్పుకుందట. ఆదివారం హోటలువాళ్ళు తీసుకుంటే ఉండిపో, తీసుకోకపోతే అన్న దగ్గరకు పో.

"మా నాన్న ఏళ్ళు సూసేరా మామ్మా? తాళ్ళు లాగి లాగి ముడిసిపోనాయి. గళాసు ఎత్తాలంటే రెండు సేతులూ కావాల. నానొక్క సీజను లాగేనంటే ఈ ఏళ్ళు మరి తంతి మీద నిలబడవు," అన్నాడు నాతో. ఏడుపు లేదు, ఏమీ లేదు. ఐసు దిమ్మ ఎంత బరువుంటుందో చెప్పినట్టు చెప్పాడు.

ఆ మాట నా చెవిలో ఉండగానే గురువారం నాడు ఈ తగువొచ్చింది.

ఇప్పుడు నిజం చెప్పాలి. తగువులో పాట పాడేవాడు అన్నది తప్పు కాదు. వాళ్ళిద్దరూ ఒకే రకం గిటారు, ఒకే ఎత్తులో, ఒకేలా గీకుతున్నారు. చరణంలో ఒకరిది వింటే రెండోది వినపడదు, రెండూ కలిస్తే గొంతు మునిగిపోతుంది. దీనికి మందు తెలియనిదాన్ని కాదు. ఒకరి చప్పుడును పలచన చేయాలి, ఇంకొకరిది బరువుగా ఉంచాలి. లేదా చరణంలో ఒకరు ఆగాలి, పల్లవిలో మళ్ళీ అందుకోవాలి. ఇద్దరు సన్నాయివాళ్ళు వచ్చినప్పుడు అలాగే చేయించాను, వాళ్ళ మీసాలు చూసి కూడా భయపడలేదు. కాని అలా చేయాలంటే ఒకరితో, బాబూ నువ్విక్కడ ఆగు అనాలి. వాయించినదాన్ని బట్టి చూస్తే ఆగవలసింది రెండో అతనే. ఆగమంటే పాట పాడేవాడు గెలిచినట్టు. ఐసు ఫ్యాక్టరీ నుంచి సగం పూట సెలవు పెట్టి వచ్చిన మనిషిని ఆగమని నా నోటితో అనలేకపోయాను. అందరూ నన్ను కఠినురాలంటారు. ఎక్కడ కఠినంగా ఉండాలో అక్కడ లేను.

దుమ్ము తుడిచే నాబులు అప్పుడు గుర్తొచ్చాయి.

"ఇలా రండి. ఇద్దరూ నోరు మూసుకుని సూడండి," అన్నాను. గొంతు, బేసు, పెద్ద డ్రమ్ము నడిమన ఉంచాను. పాట పాడేవాడి గిటారు పూర్తిగా ఎడమకు తిప్పేశాను. రెండో అతనిది పూర్తిగా కుడికి. మా కొడుకులిద్దరికీ స్థలం పంచినప్పుడు కూడా ఇలాగే మధ్యలో గోడ కట్టించి, అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు అన్నాను. ఇంక తగువు లేదు.

డ్రమ్ముల అతను లేచి వచ్చాడు. "మరి నా సిన్న డ్రమ్ములు మామ్మా? ప్లాంటులో కిరేను ఈ సివర్నుంచి ఆ సివరికి పోతాది సూడండి, అలగ పోవాల."

"ఏ పక్కనుంచి ఏ పక్కకి?"

"నాను కూకున్న కాణ్ణుంచి ఎడం నుంచి కుడికి."

"నువ్వు వాయించీవోడివి. ఇనీవోడు నీకు ఎదురుగా ఉంటాడు. ఆడికి కుడి నుంచి ఎడమకి పోతాది. నీ కిరేను ఎనక్కి నడస్తాది, ఏం పర్లేదు," అన్నాను. బేసు అతను నవ్వాడు. ఆ నెలలో అదొక్కసారే.

హెడ్‌ఫోన్లు వంతులవారీగా పెట్టుకుని విన్నారు. పాట పాడేవాడు కళ్ళు మూసుకుని విని, "ఇప్పుడు నా గిటారు నాకు దొరికింది మామ్మా," అన్నాడు. రెండో అతను విన్నాడు. చివరిదాకా విని, తీయకుండా మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. "ఇటు నానొక్కడినే ఉన్నాను. ఎవుడూ అడ్డం లేడు," అన్నాడు. ఇద్దరూ కిందకు వెళ్ళి ఒకే సిగరెట్టు పంచుకుని కాల్చారట, డ్రమ్ముల అతను చెప్పాడు. నాకు గర్వం వచ్చింది. తగువు తీర్చాను కదా అనుకున్నాను. తగువు తీరింది, పాట తీరలేదు. ఆ రెండూ ఒకటి కావని అప్పటికి తట్టలేదు.

నా గదిలో ఒక మూల పాత రేడియో డబ్బా ఉండేది, ఒక్కటే స్పీకరు. ఏ పాట కలిపినా ఆఖరున రెండు పక్కలూ కలిపేసి దాంట్లో విని, అప్పుడే ఇచ్చేదాన్ని. ఆ రోజు వినలేదు. కరెంటు పోయిందనో, టైము చాలలేదనో చెప్పుకోవచ్చు. అదేం కాదు. రెండు చెవులకూ అంత విశాలంగా వినపడుతున్న పాటను ఆ డబ్బాలో పోసి ఇరుకు చేయడానికి మనసొప్పలేదు. ఇన్నేళ్ళలో అంత పెద్దగా ఒక పాట కలిపింది అదే మొదటిసారి. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను. ఈ వయసులో.

మర్నాడు రెండో అతను కాగితంలో చుట్టిన ఎండుచేపలు తెచ్చాడు. డబ్బులు తగలేస్తావా అని కసిరి తీసుకున్నాను. "రాత్రి మా అమ్మకి ఇనిపించేను మామ్మా. సెవిలో ఎట్టుకునీది సెరొకటీ ఎట్టుకున్నాం. కుడిది అమ్మకిచ్చేను," అన్నాడు.

"ఏటంది?"

"గిటారు నువ్వొక్కడివే వాయిత్తన్నావేట్రా, రెండోవోడేడీ అంది." నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్కడైనా నా బుర్ర పనిచేయాలి. ఒక్క చెవితో విన్న మనిషికి ఒక్క గిటారే వినపడిందని ఆ తల్లి ముందే చెప్పింది. కుడి చెవిది కాబట్టి ఆమెకు కొడుకు మిగిలాడు. ఎడమది పెట్టుకుని ఉంటే?

ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు. ఆటోకు డబ్బులు వాళ్ళే ఇచ్చారు కాబట్టి వెళ్ళాను. హోటలు హాలుకు ఇంకా రంగు వాసన పోలేదు. వాళ్ళ సొంత స్పీకర్లు ఇంకా రాలేదట, బయట నుంచి మైకుసెట్టు తెప్పించారు. రెండు పక్కలా నిలువెత్తు బాక్సులు పెట్టారు. ఆంప్లిఫయరు దగ్గర కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నా షాపులో పదిహేనేళ్ళు పనిచేసినవాడు. ఇప్పుడు సొంత షాపు పెట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. "అమ్మా, మీరేటి ఇలగొచ్చేరు? కూకోండి, కుర్సీ ఎయ్యండిరా అమ్మకి," అని హడావిడి చేశాడు. నా దగ్గర పని నేర్చినవాడు ఇంత పెద్ద హోటల్లో సెట్టు వేశాడని సంతోషించాను.

మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు. మర్యాదస్తుడు. అంతకుముందు రెండు బ్యాండ్ల పాటలు అయ్యాయి. మూడోది మాది. మావాళ్ళు నలుగురూ గోడ పక్కన నిలబడ్డారు. పెన్‌డ్రైవు లాప్‌టాప్‌లో పెట్టారు.

డ్రమ్ములు మొదలయ్యాయి. బేసు అందుకుంది. పాట పాడేవాడి గిటారు వచ్చింది, రెండు బాక్సుల్లోనూ. గొంతు వచ్చింది.

రెండో గిటారు రాలేదు.

రెండో అతను చేతిని ప్యాంటుకు ఆనించి, తన వంతు వచ్చినచోట వేళ్ళు కదిలిస్తున్నాడు. పల్లవి సగానికి వచ్చేసరికి తల ఎత్తి కుడి పక్క బాక్సు వైపు చూశాడు. తర్వాత ఎడమ పక్క దాని వైపు. వేళ్ళు ఇంకొంచెంసేపు కదిలి ఆగిపోయాయి.

నేను లేచి మైకుసెట్టు దగ్గరకు వెళ్ళాను. మోకాళ్ళు నొప్పి, పరిగెత్తలేను. వెళ్ళేసరికి రెండో చరణం నడుస్తోంది.

"ఒంటి వైరేనా?" అన్నాను.

"అవునమ్మా. మీరు నేర్పిందే కదా," అన్నాడు వాడు. ఎంతో గౌరవంగా, మెచ్చుకుంటానని చూస్తూ అన్నాడు. "ఎడం వైరు సాలు, రెండోది దండగని మీరే అన్నారు. ఈ రోజుకీ మా షాపులో అదే పద్ధతి. ఒక్క వైరు వేస్టు సెయ్యం."



పాట అయిపోయింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. అంతకుముందు రెండు పాటలకు కొట్టలేదు. "చాలా శుభ్రంగా ఉంది. మాట మాటా అర్థమైంది. ఒక్క గిటారుతో ఎంత బాగా చేశారు. ఎవరెవరు మీరు? గిటారు, బేసు, డ్రమ్స్, ముగ్గురే కదా? మా స్టేజీ కూడా చిన్నదే, సరిపోతుంది," అన్నాడు.

నేను ముందుకు వెళ్ళాను. "నలుగురు బాబూ. ఇంకో గిటారు కుడి పక్క ఉంది. ఈ సెట్టులో కుడి వైరు కలపలేదు. కలిపించి మళ్ళీ వినండి," అన్నాను.

ఆయన విసుక్కోలేదు. "అలాగే వినిపించండి అమ్మగారూ," అన్నాడు.

మైకుసెట్టు మనిషి పళ్ళతో తీగె తొడుగు పీకి, కత్తిరించగా మిగిలిన కుడి వైరు కొస బయటకు తీసి, ఎడమ దానితో మెలిపెట్టాడు. ఆంప్లిఫయరుకు దారి ఒక్కటే కాబట్టి రెండు పక్కలూ అందులో ఒకటైపోయాయి. రేడియో డబ్బాలో నేను వినకుండా వదిలేసినది ఆ పెద్ద బాక్సుల్లో అంతమంది ముందు విన్నాను. నేను కట్టిన గోడ పడిపోయింది. రెండు గిటార్లూ ఒకదాని మీదొకటి పడ్డాయి. గొంతు కింద నలిగింది. గురువారం నాడు వాళ్ళు నా గదిలోకి తెచ్చిన పాట ఎలా ఉందో అలాగే ఉంది. నేను దానికి చేసిందేమీ లేదు.

సగంలోనే మేనేజరు చెయ్యెత్తాడు. "మొదటిదే బాగుంది."

"ఒక్క పూట ఇవ్వండి. సాయంత్రానికి సరిచేసి తెస్తాను. ఇద్దరూ వినపడేలా చేయొచ్చు, నాకు తెలుసు," అన్నాను. నా జీవితంలో కొన్నవాళ్ళను గాని అమ్మినవాళ్ళను గాని బతిమాలలేదు. ఆ రోజు బతిమాలాను.

"అమ్మగారూ, ఇంకో నాలుగు బ్యాండ్లు వినాలి. మీరు సరిచేయక్కర్లేదు. ముగ్గురితో విన్నది నాకు నచ్చింది. ముగ్గురూ అయితే ఇప్పుడే మాట ఇస్తాను. నలుగురంటే మళ్ళీ ఆలోచించుకోవాలి," అన్నాడు.

పాట పాడేవాడిని చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "నలుగురమని సెప్పరా."

"సెప్తే మొత్తానికే పోతాది మామ్మా."

"పోతే పోనీ."

"ఆళ్ళిద్దరికీ ఏటి సెప్పమంతారు?" అని డ్రమ్ముల అతని వైపూ బేసు అతని వైపూ చూపించాడు. వాళ్ళు నేల చూస్తున్నారు. "మూలకెట్టి సన్నగా ఉంచమన్నాను. నాను సెప్పినట్టు సేసుంటే కొంచెమైనా ఇనపడీవోడు. మీరు సమానం సేసేరు." గెలిచినవాడిలా అనలేదు. మొహం పాలిపోయి ఉంది.

రెండో అతను మా దగ్గరకు వచ్చాడు. "సరే బావా, ఒప్పీసుకో," అన్నాడు. నా వైపు తిరిగి, "మీరేటి సేత్తారు మామ్మా, వైరు లేకపోతే," అన్నాడు. వైరు ఎందుకు లేదో అతనికి తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. గేటు దగ్గరిదాకా అతని వెనకే నడిచాను. చెప్పలేదు. అతను సిటీ బస్సెక్కి రేవు వైపు వెళ్ళిపోయాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను పాన్ ఎంత తిప్పాలి, ఎంత తిప్పకూడదు అని అడుగుతారు. దానికి నా దగ్గర కొలత లేదు. ఒక్కటి చెప్పగలను. రెండు చప్పుళ్ళకు ఒకే చోట ఇమిడే దారి ముందు చూడండి. ఇమిడాక ఎటు తిప్పుకున్నా పర్వాలేదు. ఇమడనివాటిని చెరో పక్కకూ తోసేసి, సర్దుకున్నాయని మురిసిపోవద్దు. అలా మురిసినవాళ్ళకు వినేవాడు ఏ డబ్బాలో, ఏ వైరు మీద, ఏ చెవితో వింటాడో గుర్తుండదు. ఇంకా చెప్పాలంటే, జాలిపడి పని చేయవద్దు. ఆగవలసినచోట అతన్ని ఆగమని ఉంటే, ఆ నాలుగు వరసలు పోయినా పల్లవిలో మిగిలేవాడు. ఇవన్నీ నేర్చుకోవడానికి నాకు అయిన ఖర్చేమీ లేదు. ఖర్చు అతనికైంది. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా నా పక్కకు రాదు.

వెరావల్ వెళ్ళినవాళ్ళు వానాకాలానికి ఇళ్ళకు వస్తారు. అతను వచ్చాడో లేదో కనుక్కునే ధైర్యం నాకు రాలేదు. ఎండుచేపల కాగితం మాత్రం విప్పలేదు. కొన్నాళ్ళకు పురుగు పట్టి పారేశాను. తినేది పారేయడం నా ఇంట్లో అదొక్కసారే జరిగింది.

ఆ సోమవారం పొద్దున్న తొమ్మిదికి పాట పాడే అతనూ డ్రమ్ముల అతనూ నా గదికి వచ్చారు. అతన్ని రైలు ఎక్కించి నేరుగా స్టేషను నుంచి వస్తున్నామన్నారు. హోటలువాళ్ళు పాటను వాళ్ళ ఫోను పేజీలో పెడతారట, ముగ్గురు వాయించినట్టే ఉండాలట. రెండో గిటారు తీసెయ్యమని పాట పాడే అతను అడిగాడు. కంప్యూటరు వేశాను. అతని గిటారు వరస మీద నొక్కి తీసేశాను. పాట మొదటి నుంచి చివరిదాకా ఒకసారి రేడియో డబ్బాలో విన్నాను. ఎక్కడా లోటు తెలియలేదు. పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాను, తీసుకుని వెళ్ళిపోయారు.